అడిగి నడిచిన దారి

మావిస్ హెబ్డెన్ కాలికి కుర్చీ తగిలితే ఆ కుర్చీకి క్షమాపణ చెప్పే మనిషి. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కినా ముందు ఆవిడే "అయ్యో, క్షమించండి" అంటుంది. నలభై ఆరేళ్ల కాపురంలో ఈ సంగతి మీద మొగుడు క్లిఫ్ వేయని వేళాకోళం లేదు. "తను పోయిన రోజున కూడా శవపెట్టె మోసేవాళ్లని బరువైనందుకు ఏమీ అనుకోవద్దంటుంది మా ఆవిడ" అని తివాచీల మిల్లులో అందరినీ నవ్వించేవాడు. ఆ మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. నవ్వినవాళ్లలో సగం మంది మట్టిలో కలిశారు. వేళాకోళం మాత్రం అలాగే ఉంది.

ఆ జూన్ శనివారం మధ్యాహ్నం స్కార్‌బెక్ ఊరి పైన, ఐవ్‌సన్ గారి పొలం మూలన ఉన్న చిన్న గడ్డి చెక్కలోకి క్లిఫ్ కారుకి తగిలించిన తమ పాత క్యారవాన్‌ని, ఆ చక్రాల మీది చిన్న ఇంటిని, వెనక్కి తెస్తున్నాడు. మావిస్ వెనక నిలబడి చేతులూపుతోంది.

"ఎడమకి రా. ఎడమకి. నా ఎడమ కాదు, నీ ఎడమ."

"ఇద్దరికీ ఒకే కాపురం, ఎడమలు మాత్రం రెండా?"

"మాట్లాడకు, తిప్పు. ఆగు, ఆగు, ఆగు!"

బండి మూల గేటు స్తంభాన్ని గీసుకుంది. మావిస్ స్తంభం మీద చెయ్యి వేసి, "అయ్యో, క్షమించండి" అంది.

క్లిఫ్ అద్దం దించి తల బయటపెట్టాడు. "ఏమంది స్తంభం? ఫర్వాలేదందా?"

నవ్వబోతే దగ్గొచ్చింది. ఈమధ్య అతని నవ్వు ఏదైనా దగ్గుతోనే ముగుస్తోంది. ముప్పై ఒక్క ఏళ్లు ఉన్ని ధూళి పీల్చిన ఊపిరితిత్తులు. కిందటి శీతాకాలం డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూపించి, "ఇక్కడ తెల్లగా ఉండకూడదు" అని మర్యాదగా చెప్పాడు. అంతకుమించి ఆయనా చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి గోడమీది బొమ్మ చూస్తున్నట్టు నటించడం అప్పటినుంచీ క్లిఫ్‌కి అలవాటైంది.

మావిస్ పెద్దాసుపత్రి చాకిరేవు గదుల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. ఆవిరి, బ్లీచింగ్ వాసన, ఊరందరి నెత్తురూ చీమూ అంటిన దుప్పట్లు. పువ్వుల పిచ్చి ఆవిడకి అక్కడే పట్టింది. ఒకరోజు ఉతకడానికి వచ్చిన ఎవరిదో గౌను జేబులో, అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం దొరికింది. ఈ దేశపు అడవిపూల బొమ్మల పుస్తకం. గౌను తాలూకు ముసలావిడ తెల్లవారుజామునే పోయింది, పుస్తకం కోసం వచ్చినవాళ్లు లేరు. నర్సు "నువ్వే ఉంచుకో" అంది. పువ్వు అంటే ఆసుపత్రి కిటికీలో వాడిపోయే గుత్తి అనుకున్న మనిషికి, పేర్లున్న పువ్వులు మూడొందలున్నాయని తెలిసింది అప్పుడే. వాటిని చూడడానికే ఈ క్యారవాన్, ఈ ఆరు రోజులు. ఏడాదిలో మిగతా మూడొందల యాభై తొమ్మిది రోజులూ ఆ ఆరింటి గురించి మాట్లాడుకునేవి.

గడ్డి చెక్కకి ఆనుకుని రాతిగోడ. గోడలో ఒక మనిషి మాత్రం ఒదిగి దాటగలిగే సందు. సందు అవతల లాంగ్ ఇంగ్ అనే పొడవాటి గడ్డిచేను, దాని మధ్యలోంచి కాలిబాట, బాట చివర నది, నదిలో అడుగులేసి దాటే పద్నాలుగు రాళ్లు. జూన్‌లో ఆ చేను చూడాలి. ఊదారంగు కొంగముక్కు పువ్వులు, వాటి కాయలు నిజంగానే కొంగ ముక్కుల్లా సాగి ఉంటాయి. గోళీల్లా ముడుచుకున్న పసుపు గుండ్లు. ముదురెరుపు బొడిపెలు. అన్నిటికీ అడుగున పసుపు గిలక పువ్వు. అది ఎండి కాయలో గింజలు గలగలమన్నప్పుడే గడ్డి కొయ్యాలి. అంతకుముందు కోస్తే గింజ రాలదు, మరుసటి ఏడు ఆ పువ్వుండదు. ఐవ్‌సన్ గారి తాతా అంతే, తండ్రీ అంతే, ఆయనా అంతే. కొడవలి పట్టేముందు ఓ కాయ తుంచి చెవి దగ్గర ఊపుకునేవాడు.

ఇరవై మూడేళ్లు మావిస్ ప్రతి జూన్‌లో ఇక్కడ దిగిన శనివారం చేసిన మొదటి పని ఒకటే. క్లిఫ్ కెటిల్ పెట్టేలోగా, పుల్లటి రూబార్బ్ కాడలతో ఇంట్లో కాచిన జామ్ సీసా పట్టుకుని వెళ్లి ఐవ్‌సన్ గారి తలుపు తట్టడం.

"ఈ ఏడు కూడా మీ చేలోంచి నడవొచ్చాండీ?"

"ఓ, నడవండమ్మా. ఒకరి వెనక ఒకరు నడవండి, గడ్డి తొక్కకండి."

క్లిఫ్‌కి ఇది నచ్చేది కాదు. మిల్లులో యూనియన్ పనిచేసిన మనిషి. "దారి దారే కదా పిల్లా. తాతలనాటి నుంచి జనం నడుస్తున్నారు. దాన్ని అడుక్కోవడమేమిటి?" అనేవాడు.

"అడుక్కోవడం కాదు, అడగడం. ఆయన చేను."

"చేను ఆయనది. నడక నాది."

"సరేలే, నువ్వు నీ నడక నడు, నేను జామ్ ఇచ్చొస్తా."

ఇరవై మూడేళ్లు ఆ బాటలో ఒకరి వెనక ఒకరు నడిచారు. ముందు క్లిఫ్, వెనక మావిస్. ఆవిడకి పూలతో పాటు మొగుడి వీపు కూడా కంఠస్థమే. ఏయే చొక్కా ఏ ఏడు చిరిగిందో చెప్పగలదు. రాళ్ల దగ్గర కూర్చుని గుడ్డు సాండ్విచ్‌లు తిని, ఫ్లాస్కులో టీ తాగి, ఆ రోజు చూసిన పువ్వుల పేర్లు నీలంరంగు నోటుపుస్తకంలో రాసుకునేది. ఏడాదికి రెండు పేజీలు.

కిందటికి కిందటి శీతాకాలం ఐవ్‌సన్ గారు పోయారు. వారసులు పొలం అమ్మేశారు. కొన్నది ఓ సెలవుల కంపెనీ. నది ఒడ్డున చెక్క బంగళాలు కడతారట, ప్రతి బంగళాకీ బయట వేడినీళ్ల తొట్టి. కిందటి జూన్‌లో వచ్చేసరికి సందుకి అడ్డంగా పలకలు, గొలుసు, తాళం, "ప్రైవేటు స్థలం" అని బోర్డు. ఆ ఆరు రోజులూ తారు రోడ్డు అంచున నడిచారు. క్యారవాన్ల గడ్డి చెక్క కూడా ఈ వేసవి దాకానే.

ఊరి పంచాయతీ గుమాస్తా థెల్మా మెట్‌కాఫ్ ఊరుకోలేదు. ఆ దారి జనం దారి అని దరఖాస్తు పెట్టింది. ఇరవై ఏళ్లు నడిచినవాళ్ల సాక్ష్యం కావాలి. ఊళ్లో కుర్రవాళ్లు ఎక్కడున్నారు, ఇళ్లన్నీ వారాంతానికి వచ్చే పట్నం వాళ్లవైతే! ఐదుగురు ముసలివాళ్లు దొరికారు. వాళ్లకి ఏళ్లు గుర్తులేవు, తేదీలు అసలే లేవు. ఆరో మనిషి మావిస్. ఫారం పోస్టులో వచ్చింది. చిన్నచిన్న గళ్లు, ప్రతి గడిలో ఓ ప్రశ్న. యజమాని అనుమతి ఉండేదా అన్న గడి దగ్గర మావిస్ కాస్త ఆలోచించి "లేదు" అని రాసింది. అనుమతి అంటే కాగితం మీద ముద్ర కదా అనుకుంది. తలుపు తట్టి అడగడం మర్యాద, అది అనుమతెలా అవుతుంది? అడుగున అదనంగా రాసింది: "నా దగ్గర ఇరవై మూడేళ్ల పుస్తకం ఉంది. తేదీలతో సహా."

ఆ ఒక్క వాక్యం చూసి థెల్మా ఫోన్ చేసింది. "మావిస్ తల్లీ, నువ్వు బంగారం. తేదీలతో సహానా? విచారణాధికారి ఊరికొస్తున్నాడు, జూన్ రెండో బుధవారం. ఆ పుస్తకం పట్టుకుని రా చాలు, మనం గెలిచినట్టే."

అరవై ఎనిమిదేళ్ల జీవితంలో మావిస్ రాసిన అక్షరం ఎవరికైనా కావలసి రావడం అదే మొదలు. చాకిరేవులో ఆవిడ రాసిందల్లా దుప్పట్ల సంఖ్య. ఆ రోజునుంచి పుస్తకానికి గోధుమరంగు కాగితం అట్ట వేసి, దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఈ ఆరు రోజుల సెలవు ఆ బుధవారం చుట్టూనే కుదుర్చుకున్నారు.

"తాళం తీయిస్తే వచ్చే జూన్‌కి ఆ రాళ్ల మీద కూర్చుంటాను" అన్నాడు క్లిఫ్, క్యారవాన్ మెట్టు మీద కూర్చుని టీ కప్పులోకి ఊదుతూ.

"నడవగలవా?"

"చక్రాల కుర్చీలో తోసుకెళ్లు."

"ఆ సందులో నువ్వే పట్టవు, కుర్చీ ఏం పడుతుంది?"

"అయితే మోసుకెళ్లు. నలభై ఆరేళ్లు నేను మోశాను, ఓ పూట నువ్వు మొయ్యి."

ఆవిడ అతని చెవి మెలిపెట్టింది. మెలిపెట్టిన చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచింది.

ఆదివారం, సోమవారం రోడ్డు అంచున నడిచారు. అంచున కూడా పువ్వులున్నాయి. కార్ల దుమ్ములోనే పాలనురుగు లాంటి తెల్లపూల గొడుగులు, కంచెలకి పాకిన అడవి గులాబీలు. క్లిఫ్ యాభై అడుగులకోసారి ఆగి ఏదో ఒక పువ్వు చూపించి, "దీని పేరేమిటి?" అని అడిగేవాడు. అతనికి తెలియక కాదు. ఆవిడ పేరు చెప్పి, దాని ఆకు సంగతి, కాయ సంగతి చెప్పేలోగా ఊపిరి సర్దుకునేవాడు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. మంగళవారం ఒకే చోట ఆరుసార్లు ఆగాడు. ఆవిడ అదే పువ్వు గురించి ఆరుసార్లు చెప్పింది. సాయంత్రం గోడమీంచి లాంగ్ ఇంగ్ వైపు చూశారు. ఊదా, పసుపు, ఎరుపు. గాలికి చేనంతా ఓ పక్కకి ఒరిగి లేస్తోంది. గిలక పువ్వు ఇంకా పచ్చిగానే ఉంది. "ఇంకో నెల పడుతుంది" అంది మావిస్.

బుధవారం పొద్దున్నే జుట్టు దువ్వుకుని, మనవరాలి పెళ్లికి కుట్టించుకున్న నీలం కోటు వేసుకుంది. ఊరి సమావేశం గదిలో మడత కుర్చీలు, టీ డేగిశా, గోడమీద వంకరగా రాణీ బొమ్మ. అధికారి సన్నగా, తడి పడ్డ బూట్లతో, నిజంగా మంచివాడిలా ఉన్నాడు. కంపెనీ తరఫున ఫియోనా అనే వకీలమ్మ. వయసు ముప్పై లోపే. బూట్లకి మట్టి అంటలేదు. ముందు వచ్చి మావిస్‌కి తనే కుర్చీ జరిపింది.

"థాంక్యూ అమ్మా. నీ కుర్చీ లాగేసుకున్నానేమో, క్షమించు" అంది మావిస్.

థెల్మా చెవిలో గొణిగింది. "దానికి క్షమాపణలెందుకే! అది కంపెనీ మనిషి."

మావిస్ లేచి నిలబడింది. పేరు చెప్పింది. ఎప్పటినుంచి నడుస్తున్నదీ చెప్పింది. అధికారి పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. తిప్పేకొద్దీ ముఖం వికసించింది. "మిసెస్ హెబ్డెన్, ఇంత శ్రద్ధగా రాసిన సాక్ష్యం నా ఉద్యోగంలో నేను చూడలేదండీ" అన్నాడు. వెనక వరసలో క్లిఫ్ ఛాతీ పొంగింది, దగ్గు ఆపుకోవడానికి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

పుస్తకం వకీలమ్మ చేతికి వెళ్లింది. ఆవిడ తీరిగ్గా చదివింది.

"మిసెస్ హెబ్డెన్, ఇది చాలా అందంగా ఉందండీ" అంది ఫియోనా. ఆ మాట అబద్ధం కాదు, అదే ఘోరం. పుస్తకం తిరిగి మావిస్ చేతికిచ్చింది. "మొదటి ఏడాది మొదటి వాక్యం మీరే చదివి వినిపిస్తారా?"

మావిస్ కళ్లజోడు సర్దుకుంది. "శనివారం. ఎండ. ఐవ్‌సన్ గారి తలుపు తట్టి చేలోంచి నడవొచ్చా అని అడిగాను. నడవమన్నారు. జామ్ ఇచ్చాను."

"రెండో ఏడాది?"

"శనివారం. వాన. ఐవ్‌సన్ గారిని అడిగాను. నడవమన్నారు."

"మూడో ఏడాది?"

మావిస్ గొంతులో కొంచెం గర్వం కూడా పలికింది. "ప్రతి ఏడూ అడిగానమ్మా. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఎవరైనా అడక్కుండా ఎలా నడుస్తారు?"

థెల్మా కళ్లు మూసుకుంది.

"ఫారంలో మీరు అనుమతి లేదని రాశారు."

"కాగితం ఏదీ ఇవ్వలేదు కదండీ. ఊరికే అడిగాను."

"అంటే మీరు ఇక్కడ రాసింది ఒకటి, అక్కడ రాసింది ఇంకొకటి."

"నేను అబద్ధం రాయలేదు." మావిస్ పుస్తకం మీద అరచెయ్యి ఆనించింది. "నేను ఎప్పుడూ అబద్ధం రాయలేదండీ."

"రాయలేదని నాకు తెలుసు" అంది ఫియోనా మెల్లగా. "పదకొండో ఏడాది. గీత గీసిన వాక్యం ఒక్కటి చదవండి."

అది మావిస్‌కి ఎంతో ఇష్టమైన వాక్యం. ఇష్టమయ్యే గీత గీసుకుంది. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టేసింది. అధికారి పుస్తకం అందుకుని తనే చదివాడు. "ఐవ్‌సన్ గారు ఇవాళ అన్నారు: నడుస్తామని అడిగినవాళ్లనెవర్నీ నేను కాదనలేదు, అడక్కుండా ఈ చేలో అడుగుపెట్టినవాడు కూడా ఇంతవరకూ లేడు. ఎంత మంచి మనిషి!"

చదివి, పుస్తకం మూశాడు. తర్వాత మిగతా ఐదుగురు ముసలివాళ్లవైపు తిరిగాడు. "మీరు కూడా అడిగి నడిచేవారాండీ?"

ఎనభై రెండేళ్ల గొర్రెలకాపరి ఒకడు లేచాడు. అడిగినదానికి నొచ్చుకున్నట్టే చూశాడు. "అడక్కుండా ఎట్టా? ఎడ్గార్ ఐవ్‌సన్‌కి ఓ మాట చెప్పే పోయేవాణ్ణి. మేం దొంగలం కాదు గదా." తక్కిన నలుగురూ తలలూపారు. మర్యాదస్తుల ఊరు. ఐదు నిమిషాల్లో తమ దారిని తామే, వినయంగా ఒప్పజెప్పేశారు.

మావిస్ ముఖం చూసి అధికారికి ఉండబట్టలేదేమో, వివరంగానే చెప్పాడు. "చట్టం ప్రకారం జనం ఇరవై ఏళ్లు నడవాలండీ. దౌర్జన్యంగా తోసుకుని పోకూడదు. దొంగచాటుగా పోకూడదు. అనుమతి తీసుకుని పోకూడదు. ఆ దారి తమదే అన్నట్టు నడవాలి. తీర్పు తర్వాత రాతపూర్వకంగా వస్తుంది. కానీ మిమ్మల్ని ఆశపెట్టడం నాకిష్టం లేదు."

అదీ సంగతి. అడక్కుండా చేలో పడి నడిచినవాడికి హక్కు పుడుతుంది. జామ్ సీసా పట్టుకుని తలుపు తట్టినవాడికి పుట్టదు. ఈ కొండల్ని రాళ్లతో గోడలు కట్టి సొంతం చేసుకున్నవాళ్లు ఆనాడు ఎవరి తలుపూ తట్టలేదు. ఎవరికీ జామ్ ఇవ్వలేదు. తరవాత వాళ్లే కూర్చుని ఇలాంటి చట్టం రాసుకున్నారు, తక్కిన జనానికేమో అడగడం మర్యాద అని నేర్పారు. మావిస్‌కి బళ్లో నేర్పారు, చర్చిలో నేర్పారు, చాకిరేవులో నేర్పారు. ఆవిడ బాగా నేర్చుకుంది. నేర్చుకున్నందుకు ఇదీ ఫలితం.

బయట రాతి మెట్ల దగ్గర థెల్మా పట్టలేకపోయింది. "ఎవరడగమన్నారే నిన్ను? ఇరవై మూడేళ్లు! అడిగితే అడిగావు, రాసుకోమని ఎవరు చెప్పారు? రాసుకుంటే రాసుకున్నావు, ముందుగా నాకొక్క ముక్క చూపించకూడదూ?"

"నువ్వు అడగలేదుగా థెల్మా."

నిజమే, థెల్మా అడగలేదు. తేదీలు ఉన్నాయంటే చాలనుకుంది. కళ్లు తుడుచుకుని, "క్షమించు తల్లీ, నీ మీద అరిచాను" అని, మావిస్ కోటు బొత్తాం ఒకటి ఊరికే సరిచేసి వెళ్లిపోయింది.

ఇద్దరూ క్యారవాన్ దాకా నడిచే వెళ్లారు. క్లిఫ్ దారిలో తొమ్మిదిసార్లు ఆగాడు. ఏ పువ్వు పేరూ అడగలేదు.

కెటిల్ పెట్టాక మావిస్ అంది. "అను. అనాలని ఉందిగా. నేను చెప్పానా అని అను."

"అనను."

"అనకపోతే ఇంకా బాధగా ఉంది."

క్లిఫ్ కప్పు పక్కన పెట్టాడు. "మిల్లులో ధూళి కోసం మూతి గుడ్డలు కావాలని అడిగాం, గుర్తుందా? నేనే రాశాను ఆ ఉత్తరం. 'గౌరవనీయులైన అయ్యా' అని మొదలెట్టాను. నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ 'మీ మనవి అందింది' అని జవాబొచ్చింది. నేను మాత్రం ఏం చేశాను పిల్లా? యంత్రం ఆపేసి బయటికి రావలసిన రోజున ఉత్తరం రాశాను." దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. "నిన్ను ఎగతాళి చేసే అర్హత నాకెక్కడిది?"

మావిస్ లేచి, చల్లారిన టీ పారబోసి, వేడిది పోసింది.

గురువారం పొద్దున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. ట్రాక్టరు. మావిస్ నైటీ మీదే కోటు వేసుకుని గోడ దగ్గరికి పరిగెత్తింది. లాంగ్ ఇంగ్‌లో కంపెనీ పంపిన కోతయంత్రం తిరుగుతోంది. గోడ పక్కనుంచి మొదలెట్టి మధ్యకి వస్తోంది. యంత్రం వెనక ఊదా, పసుపు, ఎరుపు అన్నీ ఒకే ఆకుపచ్చ వరసలో పడుకుంటున్నాయి. గిలక పువ్వు ఇంకా పూతలో ఉంది. దాని గింజ నేల మీద ఒక్క శీతాకాలానికి మించి బతకదు. ఈ ఏడు రాలకపోతే వచ్చే ఏడు లేదు. గడ్డి వేళ్లని పీల్చి బతికే ఆ పువ్వు లేకపోతే దిట్టమైన గడ్డి లేచి తక్కిన పువ్వుల్ని నొక్కేస్తుంది. ఓ రెండు మూడేళ్లలో ఇది మామూలు పచ్చిక. బంగళాల ముందు వేసుకునే పచ్చిక. పువ్వులు లేని చేనులోంచి దారి కావాలని ఇంకెవరూ దరఖాస్తు పెట్టరు.

"ఏమండీ!" అని అరిచింది మావిస్. "ఏమండీ, క్షమించండి, ఒక్క నిమిషం!"

ట్రాక్టరు మీది మనిషి చెవులకి మూతలున్నాయి. అతను ఆవిణ్ణి చూసి, పలకరింపుగా చెయ్యెత్తి, మలుపు తిరిగాడు. అతనూ మర్యాదస్తుడే, రోజుకూలీ.

క్లిఫ్ వచ్చి ఆవిడ పక్కన గోడకి ఆనుకున్నాడు. ఊపిరి ఈల వేస్తోంది. గొలుసు కట్టిన సందు వైపు గడ్డంతో చూపించాడు. "ఎక్కు."

"ఎవర్ని అడగను?"

"ఎవర్నీ అడక్కు. ఎక్కు."

"నువ్వో?"

"నేను ఇక్కడ నిలబడి నీ వీపు చూస్తాను. నువ్వు నాది ఇరవై మూడేళ్లు చూశావుగా."

మావిస్ పలకల మీద కాలు వేసింది. కోటు అంచు మేకుకి తగిలి చిరిగింది. అవతల పడి, లేచింది. ఆవిడ జీవితంలో ఎవర్నీ అడక్కుండా ఒకరి నేల మీద అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఏమీ జరగలేదు. ఆకాశం విరిగిపడలేదు, ఎవరూ కేకవేయలేదు. ఇంత తేలికా, అనిపించింది. ఆ తేలికే ఆవిణ్ణి నిలువునా కోసింది. ఈ తేలికైన పని ఇరవై ఏళ్లు చేసి ఉంటే సరిపోయేది.

బాట ఉన్నచోట సరళరేఖలా నడిచింది. ఇంకా కొయ్యని మధ్య చెక్కలో గడ్డి తొక్కకుండా ఒక అడుగు వెనక ఒక అడుగు వేసింది. ఎవరికోసం జాగ్రత్త పడుతోందో ఆవిడకే తెలియదు. సగం దాకా వెళ్లేసరికి యంత్రం ఎదురొచ్చింది. పక్కకి తప్పుకుంది. తన ముందే మిగతా సగం బాట పడిపోయింది. నది కనబడుతోంది, రాళ్లు కనబడుతున్నాయి. ఒంటరిగా అక్కడిదాకా వెళ్లబుద్ధి కాలేదు. కిందపడ్డ గిలక కాయ ఒకటి తీసి చెవి దగ్గర ఊపింది. పచ్చి కాయ. చప్పుడు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు గోడమీంచి క్లిఫ్ చెయ్యి అందించాడు. అందించిన చేతిలో బలం లేదు, ఆవిడే ఎక్కింది.

"ఒక రోజు అయింది" అన్నాడు. "ఇంకో పందొమ్మిదేళ్ల మూడొందల అరవై నాలుగు రోజులు నడిస్తే దారి మనదే."

"అప్పటికి నాకు ఎనభై ఎనిమిది."

"నాకు?"

ఆవిడ వంగి కోటు చిరుగులో ఇరుక్కున్న గడ్డిపరక లాగింది.

శుక్రవారం పొద్దున్న గ్యాసు సిలిండరు విప్పారు, కప్పులు గుడ్డల్లో చుట్టారు, బండి కొక్కేనికి తగిలించారు. నీలం నోటుపుస్తకంలో ఆ ఏటి రెండు పేజీలూ ఖాళీగానే ఉన్నాయి. మావిస్ దాన్ని దిండు కింద పెట్టలేదు, సింకు కింది అరలో, చెప్పుల పక్కన పడేసింది. క్లిఫ్ స్టీరింగు ముందు కూర్చుని మీటలు నొక్కుతున్నాడు. ఆవిడ వెనక నిలబడి దీపాలు చూస్తోంది.

"ఎడమది?"

"వెలిగింది."

"కుడిది?"

"వెలిగింది."

"బ్రేకు?"

"వెలిగింది. పద."

బండి కదిలింది. గేటు దగ్గర మలుపులో క్యారవాన్ మూల మళ్లీ అదే స్తంభాన్ని గీసుకుంది, శనివారం గీసిన చోటే. చెక్క చిట్లిన చప్పుడు వినబడింది. క్లిఫ్ బ్రేకు వేసి, అద్దం దించి, ఆ మాట కోసం ఆగాడు. ఎగతాళి నాలుక చివర సిద్ధంగా ఉంది.

మావిస్ స్తంభం వైపు చూసింది. ఏమీ అనకుండా దాన్ని దాటి వచ్చి, అతని పక్కన కూర్చుని, బెల్టు పెట్టుకుంది.

"పోనీ" అంది.

క్లిఫ్ కాసేపు అద్దం దించే ఉంచాడు. తర్వాత ఎత్తేసి, గేరు వేశాడు. ఊళ్లో సమావేశం గది దాటేటప్పుడు ఇద్దరూ చెరో పక్కకీ చూశారు.

ఆగస్టులో తీర్పు పోస్టులో వచ్చింది, ఒకటిన్నర పేజీ. మావిస్ హెబ్డెన్ పుస్తకాన్ని అందులో రెండుసార్లు మెచ్చుకున్నారు.